నాలుగు కుడి, నాలుగు ఎడమ

మార్గశిర మాసపు ప్రాతఃకాలము. కాకినాడ పట్టణమును జగన్నాథపురమును వేఱుపఱచు నుప్పుటేటిమీద మంచు ఇంకను విడలేదు. రేవున బంధింపబడిన నావలు పోటునీటి యూపునకు మెల్లగ నొండొంటిని తాకి మ్రోయుచుండ, ఆరవేసిన చేపల వాసనయు ఇంటింట పొయ్యిలపై కాగు కాఫీ పరిమళమును గాలిలో కలిసి యేది యేదియో చెప్పరాకుండ నుండ, వంతెనమీద పోవు సైకిళ్ళ గంటలును ప్రార్థనామందిరపు ఘంటారావమును జాలరుల కేకలును పరస్పరము పెనగొనుచుండ, బాలభాను కిరణములు మాత్రము తమకే తొందరయు లేనట్లు పెంకుటిండ్ల కప్పులమీదుగ జారి యరుగులమీదికి దిగుచుండెను. క్రిస్మసు పండుగ పది దినములలోనికి వచ్చుటచేత ఆ పేటయందు పెక్కు ఇండ్లముందు సున్నపు తొట్లు సిద్ధమగుచుండెను.

అట్టి వేళ నలువది రెండేండ్ల వనిత యొకతె రాజమహేంద్రవరపు బస్సు దిగి జామపండ్ల సంచిని భుజమునకు తగిలించుకొని యా వంతెనను వడివడిగ దాటుచుండెను. ఆమె పేరు సువర్చల. రాజమహేంద్రవరమున నొక సంగీత పాఠశాలయందు పిల్లలకు డ్రమ్ములు నేర్పుట యామె వృత్తి. ఆమె పోవుచున్నది తనకా విద్య నేర్పిన సొలొమోను మాస్టారి యింటికి. ఆయన పోలీసు బ్యాండునందు ముప్పది యేండ్లు సైడ్ డ్రమ్ము వాయించి, కవాతు మైదానమున వేయి పాదములను తన రెండు కఱ్ఱలతో నడిపించిన పురుషుడు. ఇప్పుడు డెబ్బది యైదేండ్లవాడు. మూడు మాసముల క్రిందట పక్షవాతము తగిలి, మాటయు నడకయు కొంతకు కొంత తిరిగి వచ్చినను కుడిచేయి మాత్రము చచ్చుబడిపోయెను.

ముందటి దినమున మాస్టారి కుమార్తె యెస్తేరు టెలిఫోను చేసి యిట్లనెను: “అక్కా, పండక్కి ఇంటికి సున్నం వేయించమన్నారు నాన్న. వరండా గోడక్కూడా వేయించెయ్యమన్నారు.”

ఈ మాటయందు అన్యులకు వింత యేమియు తోపదు. పండుగకు గోడకు సున్నము వేయింపని వారెవరు? కాని యా మాట వినినంతనే సువర్చల మఱునాటి తొలి బస్సునకు సంచి సర్దుకొనెను. ఏలయన నా వరండా గోడయందు చాపంత మేర యిరువది మూడు క్రిస్మసులుగ సున్న మెఱుగదు. ఇల్లంతయు తెల్లబడినను ఆ మేర మాత్రము మసిబొగ్గు వ్రాతలతో నల్లగ నుండవలసినదే. దానిని చెఱిపించుచున్నాడనగా నాయన తన్ను తానే చెఱిపికొనుచున్నాడని యామె యెఱుగును.

ఆ గోడ సంగతి తెలియవలెనన్నచో ఇరువది మూడేండ్లు వెనుకకు పోవలెను. నాకును పోవలెననియే యున్నది. పెండ్లి విందయినను తీర్థమైనను ఊరేగింపు తుదయైనను, ఎనమండుగురు మనుష్యులు వేదికమీద కూర్చుండి చేతులతో వాయించి గొంతులతో పాడిన కాలమది. తబలావాడు ముక్కు తుడుచుకొన్నను జనమునకు కనబడెడిది. పాట తప్పిన నందఱును నవ్వెడివారు, కుదిరిన నందఱును మరల పాడుమనెడివారు. ఇప్పుడు పెట్టె యొకటి తెచ్చి మీట నొక్కినచో పాటయంతయు తప్పులేకుండ వచ్చును. తప్పులేని పాటను నేను పెక్కుమార్లు వింటిని, ఒక్కటియు జ్ఞాపకము లేదు.

ఆ కాలమున సువర్చల తండ్రియగు కుక్కుటేశ్వరరావుగారు హార్మోనియము వాయించుచు నొక ఆర్కెస్ట్రా నడిపెడివారు. ఆయన డ్రమ్ములవాడు చెప్పాపెట్టకుండ విశాఖపట్టణమునకు చెక్కేయగా, అభ్యాసముల వేళ మూలను కూర్చుండి యన్నియు చూచి నేర్చిన పందొమ్మిదేండ్ల సువర్చల యా పీటమీదికెక్కెను. ఆడపిల్ల డ్రమ్ములు వాయించుట చూడవచ్చిన జనము ఆమె యెట్లు వాయించెనో పట్టించుకొనలేదు. పట్టించుకొన్నవాడు సొలొమోను మాస్టారొక్కడే. సామర్లకోటలో నొక పెండ్లివిందునందు ముందువరుసను కూర్చుండి యాసాంతము విని, పాటలు ముగిసిన పిమ్మట వేదిక యొద్దకు వచ్చి కుక్కుటేశ్వరరావుగారితో నిట్లనెను:

“అమ్మాయి బానే వాయిస్తోందండి. కాపోతే ఒంటిచేత్తో వాయిస్తోంది.”

“అదేంటండి మాస్టారూ, రెండు చేతులూ ఆడుతూనే ఉన్నాయి కదండీ!”

“ఆడుతున్నాయండి. ఒకటి వాయిస్తోంది, రెండోది దణ్ణం పెట్టుకుంటోంది.”

కుక్కుటేశ్వరరావుగారికి కోపము వచ్చెను, కాని చెవి యున్నవాడగుటచేత నా కోపము ఇల్లు చేరులోపలనే చల్లారెను. మఱుసటి వారమే కుమార్తెను జగన్నాథపురమునకు పంపెను. మాస్టారామెకు డ్రమ్ము చూపలేదు. కొబ్బరిపీచు దట్టించిన దిండొకటి ముందు పెట్టి, వరండా గోడమీద మసిబొగ్గుతో మూడు వరుసలు వ్రాసెను. మొదటి వరుస కు ఎ కు ఎ. రెండవది కు కు ఎ ఎ. మూడవది కు ఎ కు కు ఎ కు ఎ ఎ. కు యనగా కుడిచేతి దెబ్బ, ఎ యనగా ఎడమచేతి దెబ్బ. డ్రమ్ముల విద్యయంతయు ఈ మూడు వరుసల పిల్లలే యని యాయన యభిప్రాయము. దిండుమీద కొట్టునప్పుడు మోసము సాగదు, దెబ్బ తిరిగి యెగురదు, చేయి తానే యెత్తుకొనవలెను. సువర్చల మణికట్లు వాచి యింటివద్ద అన్నము కలుపుకొనుటకును కష్టపడెను.

నెల గడచినను ఎడమచేయి వెనుకబడియే యుండెను. దెబ్బ పడుటకు ముందొక రవ్వంత సంకోచించి, పడినప్పుడు క్షమాపణ వేడుచున్నట్లు పడెడిది. మాస్టారొకనాడా చేతిని పట్టుకొని త్రిప్పి చూచి యడిగెను.

“ఈ చేతినెవరు కొట్టేరమ్మా?”

“మా మామ్మండి,” అనెను సువర్చల, ఆశ్చర్యముతో.

మన దేశమున ఎడమచేతి బ్రతుకెట్టిదో వేఱుగ చెప్పవలయునా? ఇచ్చినను పుచ్చుకొన్నను తిన్నను దీవించినను కుడిచేతితోనే. దాని కన్నింటను పీట, దీనికి గుమ్మము వెలుపల నిలుచుట. దీనికి మిగిలిన పని యేదియో చదువరులెఱుగుదురు. పసితనమున పప్పుబిళ్ళకు ఎడమచేయి చాచినందుకు మాణిక్యాంబగారు, అనగా సువర్చల తండ్రికి తల్లి, మనుమరాలి చేతిమీద చురుక్కుమనునట్లు కొట్టెడిది. ఆ చేయి యా దెబ్బలను మఱచిపోలేదు.

నాటినుండి మాస్టారొక నియమము పెట్టెను. ఆ వరండామీద ఇచ్చుటయు పుచ్చుకొనుటయు ఎడమచేతితోనే జరుగవలెను. టీ గ్లాసును ఎడమచేత చాచెడివాడు. సువర్చల కుడిచేయి తనంతట తానే ముందుకు దుమికెడిది, ఆయన గ్లాసును వెనుకకు తీసికొనెడివాడు. టీ చల్లారిపోయెడిది. పది దినములు చల్లారిన టీయే గతి యయ్యెను. పదునొకండవ దినమున ఎడమచేయి ముందుకు వచ్చి వేడివేడి గ్లాసును పట్టుకొనెను. ఆ దినముననే దిండుమీద మూడవ వరుస తొట్రుపాటు లేక సాగెను.

అయితే చేతులకు వరండా ఏది ఇల్లు ఏది తెలియదు గదా. ఆ శుక్రవారము పూజ కాగానే సువర్చల చక్రపొంగలిని తీసికొని, కన్ను చెదరకుండ చేయి వణకకుండ ఎడమచేతితో మామ్మ కందించెను.

“ఇదేం పోయేకాలమే నీకు! సంగీతం నేర్చుకోమని పంపితే ఎడంచేత్తో ప్రసాదం పెట్టడం నేర్పేడా ఆయన?”

మాణిక్యాంబగారు ఆ కోపముననే రిక్షా యెక్కి జగన్నాథపురమునకు పోయి వరండా ముందు దిగెను. మాస్టారు లేచి మడమలు కలిపి పోలీసు వందన మొనర్చి కుర్చీ చూపి, ఆమె తిట్టవలసినదంతయు తిట్టువఱకు నిలుచుండి, తుదకు వినయముతో నడిగెను.

“అమ్మా, చిన్నప్పుడు మనవరాల్ని ఏ చంకనెత్తుకునేవారండీ?”

మాణిక్యాంబగారు సమాధాన మీయబోయి యాగెను. పని చేసికొనుటకు కుడిచేయి కావలెను గావున పిల్లను పెంచినదంతయు ఎడమచేయియే. ఆమె కొంతసేపు గోడమీది మసివ్రాతలను చూచుచు కూర్చుండెను.

“సరేలెండి,” అనెను లేచుచు. “వాయించేటప్పుడు మీ ఇష్టం. ప్రసాదం మాత్రం కుడిచేత్తోనే పెట్టాలి.”

“తప్పకుండానండి,” అనెను మాస్టారు.

ఆఱు మాసముల పిమ్మట మాస్టారు ఆర్కెస్ట్రావారి డ్రమ్ముల నన్నింటిని రిక్షామీద వేయించి తెప్పించి వరండామీద అమర్చెను. సువర్చల చిన్న డ్రమ్ముమీద మూడవ వరుసను వడిగ వాయించి, తన నేర్పునకు తానే మురిసి యాయన వైపు చూచెను. ఆయన మొగమున మురిపెము కానరాలేదు.

“అది కసరత్తమ్మా. ఇప్పుడు కుడిచేతిని ఆ నేలమీద నిలబడే పెద్ద డ్రమ్ము మీదకి జరుపు. ఎడమది ఉన్నచోటే ఉంచు. వరసేం మార్చకు.”

ఆమె యట్లే చేసెను. అక్షరములవియే, క్రమమదియే, చేతులవియే. కాని కుడిచేతి దెబ్బలు లోతైన గొంతుతోను ఎడమచేతి దెబ్బలు సన్నని గొంతుతోను పలుకుటచేత, ఇంతవఱకు ఒంటివాడు గొణుగుకొన్నట్లున్నది ఇప్పుడిద్దఱు కూర్చుండి మాటలాడుకొన్నట్లయ్యెను. ఒకడొక మాట యన్నచో రెండవవాడు రెండు మాటలనును, పిమ్మట వంతు మాఱును. సువర్చల చేతులు ఆపకయే నోరు తెఱచి వినుచుండెను.

“ఎనిమిది దెబ్బలు,” అనెను మాస్టారు. “లెక్కెట్టుకో. నాలుగు కుడివి, నాలుగు ఎడమవి. ఎవరికీ తక్కువ లేదు. ఇప్పుడు ఎడమది చిన్నగా పలికించు.”

“మొదట్లో చిన్నగానే కొట్టేదాన్ని కదండీ! మీరే వద్దన్నారు.”

“అప్పుడు భయపడి చిన్నగా కొట్టేదానివి. ఇప్పుడు తెలిసి చిన్నగా కొట్టు. వినేవాళ్ళకి తేడా తెలిసిపోద్ది.”

తెలిసిపోయెను. ఆ నెలలో పెద్దాపురమున జరిగిన కచేరీయందు, ఎల్లప్పుడు దడదడమని మ్రోగింపబడు నొక జోలపాటవంటి మెల్లని పాటకు సువర్చల యా మూడవ వరుసనే తక్కువ స్వరమున పఱచి వాయింపగా, కుక్కుటేశ్వరరావుగారు వినుచు వినుచు హార్మోనియము మీటలు నొక్కుట మఱచిపోయెను. పాడుచున్న గాయని యాయనను గ్రుడ్లురిమి చూచెను. ఆయన కండ్లు తడిసియుండుట చూచి తన పాట కొనసాగించెను.

మఱునాడు తండ్రియు మామ్మయు వెంట రాగా సువర్చల క్రొత్తపంచెలును జామపండ్లును పళ్ళెరమున పెట్టుకొని గురుదక్షిణ యీయబోయెను. రెండు చేతులతో చాచినంతనే మాస్టారు తల యడ్డముగ త్రిప్పెను. సువర్చల యొకమాఱు మామ్మవైపు చూచి, కుడిచేతిని తీసివేసి, ఎడమచేతిమీదనే పళ్ళెరమును నిలిపి యందించెను. ఆయన ఎడమచేతితోనే పుచ్చుకొనెను. మాణిక్యాంబగారు ఆసాంతము కండ్లు గట్టిగ మూసికొని యుండి, “నేనేం చూళ్ళేదు,” అనెను.

ఆ దినములు పోయినవి. మామ్మ పోయెను, ఆర్కెస్ట్రా ఆగెను, ఆగిననాడు డ్రమ్ములు మాస్టారి వరండాకు చేరి గోనెపట్టాల క్రింద నిదురపోయెను. సువర్చల పెండ్లియై వెడలెను. ఏటేట క్రిస్మసునకు ముందు జామపండ్లు తీసికొని వచ్చి ఎడమచేతితో నిచ్చిపోవుట వాడుక. గడచిన రెండేండ్లు పనుల మిషతో రాలేదు. వంతెన దిగుచున్నప్పుడామెను బాధించినది అదియే.

వాకిట అప్పలస్వామియను వెల్లవేయువాడు తొట్టిలోని సున్నమును కఱ్ఱతో కలియబెట్టుచుండెను. ఎస్తేరు ఎదురుగ వచ్చి చేయి పట్టుకొని గొంతు తగ్గించి చెప్పెను.

“మనిషి సగమైపోయేరక్కా. నేను కలిపి పెడతానంటే పెట్టనివ్వరు. స్పూనిస్తే విసిరేసేరు. ఒక్కపూటే తింటున్నారు, అదీ తలుపేసుకుని. ఎడంచేత్తో తినడం ఎవరి కంటా పడకూడదట. ఇలాగైతే ఎన్నాళ్ళో ఉండరంటున్నారు డాక్టరుగారు.”

వరండాలోని బల్లమీద మాస్టారు కూర్చుండి యుండెను. కుడిచేతిమీద తువాలు కప్పుకొనియుండెను. చెంపలు లోనికి పోయినను మీసమింకను కవాతునకు సిద్ధముగనే యుండెను. సువర్చలను చూచి కండ్లు మెఱసినవి, మెఱసిన మఱుక్షణముననే నేలకు దిగినవి.

“వొచ్చేవా అమ్మా,” అనెను.

ఆమె ప్రక్కన కూర్చుండి, సంచినుండి దోరజామపండొకటి తీసి, అలవాటు చొప్పున ఎడమచేతితో చాచెను. ఆయన పుచ్చుకొనలేదు.

“ఆ చేత్తో ఇవ్వకమ్మా ఇంక.”

“మీరు నేర్పిందే కదండీ మాస్టారూ?”

“అది రెండు చేతులున్నోడు చెప్పిన మాట. కుడిది ఉన్నప్పుడు ఎడమదాన్ని గౌరవించమని ఎవడైనా చెప్తాడు. ఇప్పుడు నాకున్నది ఇదొక్కటే. మొన్న ప్రార్థన కాగానే పాస్టరుగారు చెయ్యి చాచేరు, ఇదే ముందుకెళ్ళింది. ఆయనేం అనుకోలేదు. నాకే సిగ్గేసింది. జీవితమంతా పిల్లలకి ఏం చెప్పేనో తల్చుకుంటే ఇంకా సిగ్గేస్తోంది. అందుకే ఆ గోడకి సున్నం కొట్టించేస్తన్నాను.”

ఆయన చెప్పినది నిజము. రెండు చేతులు కలిగినది తాను. చాచిన పండును ఆమె బల్లమీద పెట్టెను. వాకిట సున్నము కలియబెట్టు చప్పుడు మాత్రము వినవచ్చుచుండెను.

పిమ్మట లేచి గోనెపట్టాలను తొలగించెను. ధూళి లేచెను. చిలుకలు వ్రాయబడిన, కాలితో వాయించు పెద్ద డ్రమ్ము ముఖము వెలిసి, చిలుకలు రెండును ఎండి కాకులైయుండెను. ఆమె దాని నక్కడనే విడిచి చిన్న డ్రమ్మును తెచ్చి మాస్టారి ఎడమచేతి యొద్ద పెట్టెను. నేలమీద నిలుచు డ్రమ్మును తన కుడిప్రక్కకు లాగుకొనెను. ఆయన కుడిప్రక్కను ఆనుకొని కూర్చుండి, ఒక కఱ్ఱను తాను తీసికొని, రెండవదానినాయన తొడమీద నుంచెను. ఆయన దానివైపు చూడలేదు.

సువర్చల గోడమీది మూడవ వరుసను వాయింప నారంభించెను. కాని కుడిచేతి దెబ్బలు మాత్రమే. కు పలికి, ఎ ఉండవలసినచోట ఆగి, కు కు పలికి, మరల ఆగి, కు పలికి, రెండు ఎ ల మేర మౌనముగ నుండెను. నాలుగు దెబ్బలు నాలుగు ఖాళీలు. ఖాళీలను ఆమె తన ఎడమచేతితో నింపలేదు. ఆ చేయి ఒడిలో కదలక యుండెను.

ఒకమాఱు, పదిమార్లు, ఇరువదిమార్లు. ఊడిన పన్నుచోటు నాలుకకు తగిలినట్లు ఆ ఖాళీలు వినువారి చెవికి తగులుచుండెను. అప్పలస్వామి సైతము కలియబెట్టుట మాని తల యెత్తెను. యాబదియేండ్లు శిష్యుల తప్పులను సహింపని మనుష్యుడు ఎంతకాలము సహించును? మొదట మాస్టారి ఎడమపాదము కదలెను. పిమ్మట ఎడమచేతి వ్రేళ్ళు బల్లచెక్కమీద పడెను, తమ తమ తావులలో, తొందర లేకుండ. తుదకాయన కఱ్ఱను తీసికొనెను.

మొదటి వరుస చెడెను. ఆయన దెబ్బ యాలస్యమయ్యెను. రెండవది చెడెను. మూడవదియు చెడెను. నాలుగవ వరుసను ఇద్దఱి చేతులును ఒక్క మనుష్యుని చేతులైనవి. లోతైన గొంతును సన్నని గొంతును వంతులవారీగ మాటలాడుకొనెను. ఆయన ఎడమచేయి తెలిసి చిన్నగ పలికెను, ఆ పలుకునకు వయస్సు లేదు, వ్యాధి లేదు. ఎస్తేరు గుమ్మమున నిలుచుండి కొంగు నోటికి పెట్టుకొని యేడ్చెను. సువర్చలకును ఏడ్పు వచ్చెను గాని వరుస తప్పునని యాపుకొనెను.

“ఆగాగు,” అనెను మాస్టారు హఠాత్తుగ. “నీ కుడిచెయ్యి తోసుకుపోతోంది. ఎవరి మీదకమ్మా ఆ దండయాత్ర? రెండో దాన్ని వినవేం? పిల్లలకి ఇలాగేనా చెప్తున్నావు?”

మూడు మాసములలో ఆయన యొకరి తప్పు దిద్దుట అదియే ప్రథమము. సువర్చల తల వంచుకొని, “తప్పేనండి,” అనెను. ఆ తిట్టు ఎంత తీయగ నుండెనో చెప్ప నాకు మాట చాలదు.

ఇంతలో భోజనపు వేళ యయ్యెను. ఎస్తేరు మూడు కంచములు తెచ్చి బల్లమీద పెట్టెను, చేపలపులుసు వాసన వరండా నిండెను. కంచమును చూడగనే మాస్టారి మొగము మరల మూసికొనెను. కఱ్ఱను ప్రక్కన పెట్టి, బల్ల పట్టుకొని లేవబోయెను.

“మీరు తినండమ్మా. నేను లోపల తింటాను.”

సువర్చల కుడిచేతిని వీపు వెనుకకు పెట్టుకొని, ఎడమచేతిని కంచమున పెట్టి పులుసన్నము కలుపసాగెను. ఇరువది మూడేండ్లు కఱ్ఱను కుదురుగ పట్టిన యా చేయి అన్నమును పట్టలేకపోయెను. కలిపిన ముద్ద వ్రేళ్ళ సందులనుండి జారెను. నోటికెత్తినది సగము గడ్డమునకంటి చీరమీద పడెను. రెండవ ముద్ద దారిలోనే విడిపోయెను. ముల్లు తీయబోగా చేపముక్క కంచము దాటి బల్లమీదికి దుమికెను. వాకిటనుండి అప్పలస్వామి నవ్వాపుకొనలేకపోయెను.

లేచిన మాస్టారు లేచినట్లే నిలుచుండి యది చూచుచుండెను. తలుపు మూసికొని మూడు మాసములు ఒంటిగ పడిన పాట్లన్నియు నాయన కక్కడ కనబడుచుండెను. ఆ తప్పులన్నియు తాను చేసినవే, ఒక్కొక్కటిగ దిద్దుకొన్నవే.

“అలాక్కాదమ్మా,” అనెను.

ఆమె మరల యత్నించెను, మరల మెతుకులు రాలెను.

“అలాక్కాదంటే! బొటనవేలు కింద పెట్టకు, వెనక పెట్టు. అరచేతితో కలపకూడదు, వేళ్ళ కొసల్తోనే కలపాలి. ముందు ముల్లు తీసి పక్కన పెట్టుకో. కొంచెం కొంచెం. తొందరెందుకు? జరుగు, ఇలా చూడు.”

ఆయన కూర్చుండెను. కూతురు చూచుచుండ, శిష్యురాలు చూచుచుండ, వాకిట వెల్లవేయువాడు చూచుచుండ, కంచమును దగ్గఱకు లాగుకొని ఎడమచేతితో ముల్లు తీసి, అన్నము కలిపి, చిన్నముద్ద చేసి, ఒక్క మెతుకు రాలకుండ నోట పెట్టుకొనెను. “చూసేవా?” అని మఱియొక ముద్ద చేసెను. నేర్పుచు నేర్పుచు కంచము ఖాళీ చేసెను. ఎస్తేరు మఱికొంత వడ్డించెను, ఆయన వలదనలేదు.

నవ్వినందుకు ఎస్తేరు కసరగా అప్పలస్వామి ముందుదినపు టాజ్ఞను తలచుకొని తొట్టిలో కుంచె ముంచి, వరండా గోడకు కుడికొననుండి మొదటిపట్టు వేసెను. ఒక్క పట్టే. మూడవ వరుస తుది యక్షరము తెల్లని తడిక్రింద మాయమయ్యెను.

“ఆగు!” అని మాస్టారు అఱచెను. ఆ కేకకు కుంచె చేతినుండి జారి క్రింద పడెను. “ఏడుతో ఆపేస్తే ఎలాగయ్యా? ఎనిమిదుండాలి. మిగతా ఇల్లంతా వేసుకో, ఆ గోడ జోలికెళ్ళకు.”

“నిన్న తమరేకదండీ బాబూ ఎయ్యమన్నారు!”

“నిన్న తిండి తిన్లేదు,” అనెను మాస్టారు.

సాయంకాలమునకు సున్నపు తడి యారెను. మాస్టారు వంటయింటినుండి మసిబొగ్గు తెప్పించి, సువర్చల భుజ మూతగ గోడ యొద్దకు నడచి, ఎడమచేతితో ఆ తుది యక్షరమును మరల వ్రాసెను. వ్రాయుటకు చాలసేపు పట్టెను. పిమ్మట బల్లమీద నుదయమునుండి పడియున్న జామపండును తీసికొని కొఱికి, బాగున్నదని తల యూచెను.

మాస్టారు మఱి నాలుగు క్రిస్మసులు చూచెను. ఆయన పోయిన పిమ్మట ఎస్తేరు ఆ వరండాను సువర్చల కప్పగింపగా, ఇప్పు డాదివారములందక్కడ పిల్లలు దిండ్లు ముందు పెట్టుకొని కఱ్ఱలు పట్టెదరు. గోడమీది మూడవ వరుసలో ఏడక్షరములు కవాతున నిలిచినట్లు తిన్నగ నున్నవి. ఎనిమిదవది మాత్రము పెద్దదిగ, వంకరగ, తెల్లని పూతమీద మిక్కిలి నల్లగ నున్నది. క్రొత్తగ వచ్చిన ప్రతి పిల్లయు మొదట దానినే చూపి యది యెవరు వ్రాసిరని యడుగును. సువర్చల యప్పుడు ఎడమచేతితో ఆ పిల్ల కొక జామపండు చాచి, అది ఎడమచేతితోనే పుచ్చుకొనువఱకు నోపికతో నిలుచుండును.